తొమ్మిది నిమిషాల దూరం

క్రేన్ ఆపరేటర్ల క్వార్టర్స్, ఏడో గది
జూన్ 3

సూది మరదలికి,

నేను నీకు ఇంతకు ముందు రాసిన ఉత్తరం ఒక్కటే. నువ్వు నర్సింగ్ పాసైనప్పుడు అభినందిస్తూ, ఇకనుంచి మా ఇంటిల్లిపాదికీ సూదులు ఉచితం కదా అని రాశాను. దానికి నీ చేత నెల రోజులు చీవాట్లు తిన్నాను, నీకు ఆ పేరూ ఖాయమైంది. ఇది రెండో ఉత్తరం.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఈ క్వార్టర్స్ గోడలు అట్టముక్కలు. పక్క గదివాడు తుమ్మితే నేను మొహం తుడుచుకోవాలి. పైగా ఇది నోటితో చెప్పే సంగతి కాదు. క్రేనులో లోపం కనబడితే మేం రిపోర్టు రాస్తాం చూడు, ఆ పద్ధతిలో రాస్తున్నాను. నాకు చేతనైన పద్ధతి అదొక్కటే.

యంత్రం: నేను. వయసు నలభై ఏడు. లోపం ఉన్న భాగం: కడుపు. ఎప్పటినుంచి: మార్చి రెండో వారం. లోపం స్వభావం: రోజుకి ఎనిమిది, తొమ్మిది సార్లు బాత్రూముకి వెళ్లాల్సి వస్తోంది. ముందుగా కబురు ఉండదు, వచ్చిందంటే అప్పటికప్పుడే. రక్తం పడుతోంది. ఇంతవరకు తీసుకున్న చర్య: నిమ్మరసం.

నా ఉద్యోగం సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఓడలోంచి కంటైనర్లు ఎత్తి లారీల మీద పెట్టే క్రేను నాది. క్యాబిన్ పదమూడంతస్తుల ఎత్తులో ఉంటుంది. కింద గాజు, దాంట్లోంచి కాళ్ల మధ్యగా వంగి చూస్తూ నాలుగు గంటలు పని. పైన బాత్రూము లేదు. అక్కడినుంచి దిగి, గోడౌను చుట్టూ తిరిగి, ఉన్న ఒక్క బాత్రూముకి చేరడానికి తొమ్మిది నిమిషాలు. గడియారం పెట్టి చూశాను. ఈ మూడు నెలల్లో రెండుసార్లు తొమ్మిది నిమిషాలు సరిపోలేదు. ఆ వివరాలు ఈ రిపోర్టులో చేర్చడం లేదు.

సెప్టెంబరులో మాకు మెడికల్ పరీక్ష. ఈ సంగతి బయటపడితే నన్ను దింపి గేటు దగ్గర కూర్చోబెడతారు. పంతొమ్మిదేళ్లు పైన ఉన్నవాణ్ణి. గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకుంటూ బతకమంటే బతకలేను. ఇది గొప్పకి అనడం లేదు.

మీ అక్కకి చెప్పొద్దు. నేను ఆ క్యాబిన్ ఎక్కిన రోజునుంచీ నన్ను దింపడానికి ఒక్క కారణం దొరక్కపోతుందా అని చూస్తోంది. ఇది తెలిస్తే మొదటి బస్సుకే దిగుతుంది. నువ్వు రోజూ పేగుల రోగుల మధ్యనే ఉంటావు కదా. ఏదైనా మాత్ర రాసి పంపు.

మీ బావ


పేగుల క్లినిక్, నర్సుల గది
జూన్ 8

బావగారికి,

మీ రిపోర్టు అందింది. నిమ్మరసం దగ్గర ఆగి కాసేపు గోడకేసి చూశాను.

మాత్ర రాసి పంపడానికి నేను డాక్టర్ని కాను. మీ నర్సుని కూడా కాను. సొంతవాళ్లని మా క్లినిక్కులో మేం చూడకూడదని నియమం ఉంది. చుట్టరికం వల్ల కళ్లు సరిగ్గా కనబడవని ఆ నియమం పెట్టారు. కాబట్టి మీ ఊళ్లోనే పెద్దాసుపత్రిలో పేగుల డాక్టరు ఎవరున్నారో కనుక్కున్నాను. చీటీ జతచేశాను. సోమవారం వెళ్లండి. కొలనోస్కోపీ చేస్తారు. అదేమిటో వాళ్లే చెప్తారు, నేను చెప్తే మీరు వెళ్లరు.

ఈ లోపల నాకు కావాల్సినవి. రాత్రి నిద్రలోంచి లేపుతోందా? రక్తం ప్రతిసారీనా, అప్పుడప్పుడా? బరువు ఎంత తగ్గారు? జ్వరం ఉందా? నడుంనొప్పికి మాత్రలు మింగుతున్నారా? మీరు వంగి పని చేసేవాళ్లు కాబట్టి మింగుతూనే ఉంటారు, అవి ఆపండి. సిగ్గు మానేసి రాయండి. మా దగ్గరికి ఒక సెలూన్ అతను వస్తాడు. కస్టమర్ని సగం గడ్డంతో కూర్చోబెట్టి రోజుకి ఆరుసార్లు పరుగెత్తేవాడు. ఆయన డాక్టరుకి 'పర్వాలేదండీ' అని చెప్పి బయటికొచ్చి, తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పాడు. అందరూ అంతే. నా ఉద్యోగం సగం ఆ తలుపు దగ్గరే జరుగుతుంది.

అక్కకి చెప్పను. కానీ ఊరికే కాదు. దీంతో ఒక చార్టు పంపుతున్నాను. రోజుకి ఒక వరుస. ఎన్నిసార్లు, రక్తం, నొప్పి, జ్వరం, మాత్రలు వేసుకున్నారా లేదా. ప్రతిరోజూ నింపి వారానికోసారి నాకు పంపాలి. చార్టు ఆగిన వారం నేను అక్కకి ఫోను చేస్తాను. రోజుకి ఆరుసార్లు దాటి, జ్వరం కూడా వచ్చి, నాడి నిమిషానికి తొంభై మించితే, అది ఉత్తరాలు రాసుకునే జబ్బు కాదు, ఆసుపత్రిలో పడుకునే జబ్బు. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి.

సూది


ఏడో గది
జూలై 2

సూది మరదలికి,

కొలనోస్కోపీ అయింది. నీ మీద కోపం వచ్చింది, తగ్గింది. ముందురోజు తాగమని ఇచ్చిన మందు గురించి ఒక్క మాటే చెప్తాను. ఆ రోజు నేను క్వార్టర్స్‌లో బాత్రూము తలుపు మూసే ప్రయత్నం కూడా మానేశాను.

జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలంతా పుండ్లు. డాక్టరు తెరమీద చూపించాడు. పంతొమ్మిదేళ్లుగా ఓడల కడుపుల్లోకి వంగి చూస్తున్నాను, నా కడుపులోకి చూడటం ఇదే మొదలు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదట, అణిచి ఉంచాలట. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాడు, రోజుకి ఎనిమిది, వారానికొకటి చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఇంకో రకం మాత్రలు ఎప్పటికీ వేసుకోవాలి.

చార్టు జతచేశాను. తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, ఆరు, ఐదు, ఐదు, నాలుగు. నిన్న పూటంతా క్యాబిన్‌లో ఉన్నాను, ఒక్కసారి కూడా దిగలేదు. చెప్పుకుంటే సిగ్గుగానీ, కాస్త ఏడుపొచ్చింది.

మీ బావ


నర్సుల గది
జూలై 9

బావగారికి,

చార్టు చూసి మొట్టమొదటిసారి మీరంటే గౌరవం కలిగింది. ఇంత శుభ్రంగా గీతలు కొట్టి నింపేవాళ్లు మా దగ్గర నూటికి ఇద్దరు.

ఆ మాత్రల గురించి గట్టిగా వినండి. బాగుందనిపించినా, మొహం గుమ్మడికాయ అయినా, ఎవడేమన్నా, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపకూడదు. వాటికి అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారిగా చతికిలబడుతుంది. తగ్గించడం డాక్టరు రాసిన లెక్కలోనే జరగాలి. ఏదైనా ఇబ్బందైతే చార్టు వెనకవైపు రాయండి.

ఇంకోటి. మీరు ఒప్పుకుంటే, అక్కడి ఆసుపత్రి నర్సుతో మాట్లాడి మీ కంపెనీకి డాక్టరు చేత ఒక కాగితం రాయిస్తాను. అడిగినప్పుడు దిగనివ్వాలి, వేరే ఆపరేటర్ని పైకి పంపాలి అని. మా సెలూన్ అతనికి సొంత షాపు కాబట్టి అవసరం లేకపోయింది గానీ, బడి టీచరుకీ బ్యాంకు కౌంటరులో ఆవిడకీ అలాంటి కాగితాలే ఇప్పించాం. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

మొన్న ఆదివారం అక్క ఫోను చేసింది. 'మీ బావ రెండు నెలలుగా ఇంటికి రావడం లేదు, డ్యూటీ అంటాడు, నీకేమైనా తెలుసా' అంది. తెలియదన్నాను. ముప్ఫై తొమ్మిదేళ్లలో అక్కతో నేను ఆడిన రెండో అబద్ధం ఇది. మొదటిది ఆవిడ గాజు నేను పగలగొట్టలేదని. అది ఇప్పటికీ నమ్మలేదు.

సూది


ఏడో గది
జూలై 25

సూది మరదలికి,

కాగితం వద్దు. ఆ కాగితం ఆఫీసులో మూడు బల్లలు దాటాలి, ప్రతి బల్ల దగ్గరా ఒక నోరు ఉంటుంది. అయినా అవసరం ఏముంది. చార్టు చూడు. మూడు, రెండు, రెండు, రెండు, రెండు, రెండు, రెండు. రక్తం లేదు. నొప్పి లేదు. మాత్రలు వేసుకున్నాను.

మొహం ఉబ్బిన మాట నిజమే. ఫోర్‌మన్ 'ఏం గురూ, ఒళ్లు చేశావు, ఇంట్లో కొత్త వంటమనిషా' అన్నాడు. ఇంటికి వెళ్తే మీ అక్క ఒక్క చూపులో పట్టేస్తుంది. మొహం తగ్గాక వెళ్తాను.

మీ బావ


నర్సుల గది
ఆగస్టు 16

బావగారికి,

మీ చార్టు చూసి ఎంత మురిసిపోయానంటే, పేరు కత్తిరించేసి మా క్లినిక్కు గోడకి అంటించాను. కింద 'ఇలా నింపండి' అని రాశాను. పదకొండో తారీఖున మీరు పోస్టు చేసిన తాజా చార్టు ఇవాళే వచ్చింది, దాన్నీ పక్కనే అంటించాను, కవరు ఇంకా చేతిలోనే ఉంది.

మా పెద్ద నర్సుకి రిటైర్మెంటు దగ్గరపడింది. టీ తాగుతూ గోడ దగ్గర ఆగింది. చాలాసేపు చూసి, 'ఈ మనిషెవరో అదృష్టవంతుడు. రేపు ఎన్నిసార్లు వెళ్తాడో ఇవాళే తెలుసు' అంది. నాకు అర్థం కాలేదు. వేలు పెట్టి చూపించింది.

పదకొండున పోస్టు చేసిన చార్టు పదిహేడో తారీఖు దాకా నింపి ఉంది. పదిహేడున రెండుసార్లు, రక్తం లేదు, నొప్పి లేదు, మాత్రలు వేసుకున్నారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది పదహారున.

రోజుకి ముప్ఫై చార్టులు చూస్తాను. ఒకే పెన్నుతో, ఒకేసారి కూర్చుని నింపింది అయితే గుమ్మం అవతలినుంచే పట్టేస్తాను. మీ 'రెండు'లన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. వేరే ఎవరిదైనా అయితే మొదటి వారమే నిలదీసేదాన్ని. మీది కాబట్టి ముచ్చటపడి గోడకి అంటించాను. నియమం ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది.

ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. నిజం అంకెలు రాసి మళ్లీ ఎక్స్‌ప్రెస్‌లోనే పంపండి. నాలుగు రోజుల్లో రాకపోతే అక్కడికి నేనే వస్తాను. తిట్టడం అప్పుడు.

సూది


ఏడో గది
ఆగస్టు 18

సూది మరదలికి,

పట్టుబడ్డాను. ఎలా జరిగిందో చెప్తాను, తప్పించుకోడానికి కాదు.

క్రేనుకి ఒక లాగ్‌బుక్కు ఉంటుంది. డ్యూటీ దిగగానే నింపాలి. తాళ్లు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, లోపం లేదు. ఏళ్ల తరబడి ఏ లోపమూ ఉండదు కాబట్టి అందరం సోమవారం పొద్దున్నే వారం మొత్తానికీ నింపి సంతకాలు పెట్టేస్తాం. ఇది తప్పని ఎవరికీ అనిపించదు, కొత్తగా చేరినవాడికి నేర్పేదే ఇలా. నీ చార్టు చూడగానే నా చేతికి అదే గుర్తొచ్చింది. స్టెరాయిడ్లు మొదలైన వారం దాకా నిజంగానే నింపాను. ఆ తర్వాత సోమవారం పొద్దున కూర్చున్నాను.

నిజం అంకెలు ఇవి. నిన్న పద్నాలుగు. మొన్న పదమూడు. అన్నిసార్లూ రక్తం. స్టెరాయిడ్ మాత్రలు జూలై ఇరవైన ఆపేశాను. పన్నెండు కిలోలు తగ్గాను. మొహం ఉబ్బు దిగిపోయింది, ఆ రకంగా మంచిదే.

మాత్రలు ఎందుకు ఆపానో విను. జూలై మధ్యలో చేతులు వణకడం మొదలైంది. ఒక రోజు ముప్ఫై టన్నుల పెట్టె గాల్లో ఉంది, కింద లారీ పక్కన నలుగురు నిలబడి ఉన్నారు. క్రేను నడిపే కర్ర పట్టుకున్న నా చెయ్యి వణికింది. పెట్టె ఊగింది. వాళ్లు తలెత్తి కూడా చూడలేదు, నేనంటే అంత నమ్మకం. ఆ పూట దిగి మాత్రలు బాత్రూములో పడేశాను. నా పేగు పాడైతే నా ఒక్కడిదే పోతుంది అనుకున్నాను. ఇది చార్టు వెనకవైపు రాయమన్నావు. రాస్తే దిగిపొమ్మంటావని రాయలేదు.

పని చేసే రోజుల్లో దిగాల్సిన అవసరం రాకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినను, తాగను. నిన్న క్యాబిన్‌లో కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు. కళ్లు తెరిచేసరికి పెట్టె లారీ మీద సరిగ్గానే ఉంది. ఎవరు దింపారో నాకు తెలియదు, నేనే అయ్యుండాలి.

జ్వరం ఉంది. నాడి లెక్కపెట్టాను, నూట ఎనిమిది.

మీ అక్కకి చెప్పొద్దు. మాట ఇచ్చావు.

మీ బావ


నర్సుల గది
ఆగస్టు 20

బావగారికి,

ఈ ఉత్తరం మీ చేతికి అందేసరికి అక్క మీ పక్కన కూర్చుని ఉంటుంది. మీరు ఆసుపత్రి మంచం మీద ఉంటారు. రెండూ నేనే చేశాను.

పొద్దున తొమ్మిదింటికి మీ ఉత్తరం విప్పాను. తొమ్మిదీ ఐదుకి అక్కడి ఆసుపత్రి నర్సుకి ఫోను చేసి మీ అంకెలు చదివాను. తొమ్మిదీ పదికి మీ ఫోర్‌మన్‌కి చేశాను. రోగం పేరు చెప్పలేదు, మీరు కళ్లు తిరిగి పడిపోయే మనిషని, ఇప్పుడే దింపమని మాత్రం చెప్పాను. తొమ్మిదింబావుకి అక్కకి మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. మాట తప్పాను. ఆ మాట ఇచ్చి ఉండకూడదు. మూడోదే కాదు, ముందు రెండు ఫోన్లు కూడా జూన్‌లోనే చేసి ఉండాల్సింది.

చేతులు వణుకుతాయని మీకు ముందే చెప్పాల్సింది నేను. వందమందికి చెప్పాను. మొహం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, మీ పనేమిటి, ఆ పనిలో చేతులు అవసరమా అని అడుగుతాను. మీ పనేమిటో మీరే రాశారు కాబట్టి అడగలేదు. వణికిన రోజు మీరు నాకు చెప్పి ఉంటే మందు మార్పించేవాళ్లం. నేను అడిగి ఉంటే మీరు చెప్పేవాళ్లు. ఎవరి తప్పు ఎంతో తర్వాత తేల్చుకుందాం.

అక్క అంతా విని ఫోను పెట్టేసింది.

మీకేమైనా అయితే నేను తట్టుకోలేను బావా. అక్కడి నర్సు ఏది అడిగితే అది చెప్పండి.

సూది


పెద్దాసుపత్రి, మగవాళ్ల వార్డు, పదకొండో మంచం
సెప్టెంబరు 2

మరదలికి,

నీ మీద కోపంగా ఉంది. అది ముందు రాసుకోనీ. మాట ఇచ్చి తప్పావు. ఫోర్‌మన్ స్వయంగా పైకి ఎక్కొచ్చి నన్ను చంటిపిల్లాణ్ణి దింపినట్టు దింపాడు. నలుగురూ చూశారు. సరే, అయిపోయింది.

ఇక్కడి నర్సు మగమనిషి, నాకంటే ఒక జానెడు పొడుగు. ప్రతిసారీ వచ్చి బెడ్‌పాన్‌లోకి చూసి, గేటు దగ్గర కంటైనరు నంబరు రాసుకున్నట్టు రాసుకుని వెళ్తాడు. మొహంలో ఏమీ ఉండదు. మొదటి రోజు సిగ్గుతో గోడవైపు తిరిగాను. రెండో రోజు 'రాత్రి ఎన్నిసార్లండీ' అంటే 'రెండే' అన్నాను. 'ఏడు. నేనే తీసుకెళ్లాను' అన్నాడు. కోప్పడలేదు. దుప్పటి సర్దాడు. అప్పటినుంచి అతనికి నిజమే చెప్తున్నాను. అతనికి నా అబద్ధంతో పనిలేదు కదా, ఊరికే ఎందుకు.

మీ అక్క వచ్చి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నర్సు దగ్గర కూర్చుని చార్టు నింపడం నేర్చుకుంది. ఇప్పుడు ఆవిడే నింపుతోంది. రిమార్కులు అని ఒక గడి తనే గీసుకుంది. అందులో 'ఉదయం 6:10. నొప్పి లేదన్నాడు. పళ్లు బిగించి ఉన్నాడు' అని ఉంది.

సూదిమందు స్టెరాయిడ్ ఐదు రోజులు ఎక్కించినా దారికి రాలేదు. డాక్టరు రెండు మార్గాలు చెప్పాడు. ఒక కొత్త మందు సెలైన్‌లో ఎక్కించి చూడటం. అది పనిచేయకపోతే పెద్దపేగు మొత్తం తీసేసి, మలం బయటికి రావడానికి పొట్టకి సంచి పెట్టడం. రెండోదానికి కూడా సిద్ధంగా ఉండాలన్నాడు. ఇక క్యాబిన్ సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. గేటూ లేదు, ఏమీ లేదు, అంతా అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం నర్సు ఒక పెన్ను తీసుకుని వచ్చాడు. ఒకవేళ సంచి అవసరమైతే ఎక్కడ పెట్టాలో ముందే గుర్తు పెట్టాలట. నిలబడమన్నాడు, కూర్చోమన్నాడు. తర్వాత 'మీరు క్రేనులో ఎలా కూర్చుంటారో కూర్చోండి' అన్నాడు. మంచం అంచున కూర్చుని, కాళ్ల మధ్యకి వంగి, రెండు చేతులూ కర్రల మీద ఉన్నట్టు పెట్టాను. అతను కింద కూర్చుని నా పొట్ట మడతలు చూశాడు. 'ఇక్కడైతే వంగినప్పుడు నలుగుతుంది. రెండంగుళాలు పైకి పెడదాం. ఎనిమిది గంటల డ్యూటీయా, నాలుగా?' అని అడిగాడు.

నాలుగు అన్నాను. ఆ తర్వాత ఏడ్చాను. వార్డంతా విన్నారు. అతను నా ఏడుపు అయ్యేదాకా ఆగి, గుర్తు పెట్టి వెళ్లాడు. మీ అక్క రిమార్కుల గడిలో ఏమీ రాయలేదు.

కొత్త మందు మొదటి మోతాదు ఆ మర్నాడు ఎక్కించారు. నర్సు రెండు గంటలు పక్కనే ఉండి పావుగంటకోసారి నాడి చూశాడు. ఇది రెండో వారం. నిన్న ఆరు. ఇవాళ ఇంతవరకు నాలుగు. ఇవి మీ అక్క అంకెలు, నమ్మొచ్చు.

పెన్ను గుర్తు ఇంకా ఉంది. స్నానం చేసేటప్పుడు చూసుకుంటాను.

మీ బావ

ఆవిడ నీతో మాట్లాడదట. చెప్పి చూశాను.


నర్సుల గది
అక్టోబరు 21

బావగారికి,

మూడో మోతాదు కూడా సవ్యంగా ఎక్కిందని, మీరు స్టెరాయిడ్ నుంచి పూర్తిగా బయటపడ్డారని, చేతులు నిలకడగా ఉన్నాయని తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

మా క్లినిక్కుకి ఒక హెల్ప్‌లైన్ ఉంది. మంగళవారం, శుక్రవారం పదినుంచి పన్నెండు దాకా నేనే తీస్తాను. మొన్న మంగళవారం పదిన్నరకి మోగింది. 'నమస్కారమండీ. నేనొక పేషెంటు భార్యని. కొన్ని సందేహాలున్నాయి' అని అక్క గొంతు. నేను 'అక్కా' అనేలోపు, 'పేషెంటు వయసు నలభై ఏడండీ' అని మొదలుపెట్టింది. సరేనని నేనూ పెన్ను తీశాను.

మందు ఎక్కించిన వారం జలుబు చేస్తే ఏం చేయాలని అడిగింది. ఏ టీకాలు వేయించవచ్చు, ఏవి కూడదని అడిగింది. ఆయన మళ్లీ ఎత్తుకి ఎక్కవచ్చా అని అడిగింది. చేతులు బాగుండి, దిగే వీలుంటే ఎక్కవచ్చన్నాను. దిగే వీలంటే ఏమిటండీ అంది. కంపెనీకి రాయించే కాగితం గురించి చెప్పాను. ఒక్కో వాక్యం చెప్పించుకుని రాసుకుంది. ఆవిడ మిమ్మల్ని దింపాలని చూస్తోందని మీరు రాశారు. నాతో ఫోనులో పదిహేను నిమిషాలు మిమ్మల్ని ఎక్కించడం ఎలాగో మాట్లాడింది.

పెట్టేముందు, 'ఆ పేషెంటు ఇంట్లోవాళ్లకి ఎవరో ముందే చెప్పి ఉంటే బాగుండేదండీ' అంది. 'నాదే తప్పండీ' అన్నాను. తర్వాత, శుక్రవారం కూడా మీరే తీస్తారా అని అడిగింది. తీస్తానన్నాను.

నా కుర్చీలో కూర్చుని కొంచెం ఏడ్చి, తర్వాతి ఫోను తీశాను.

మా పెద్ద నర్సు గోడమీది మీ చార్టుని పీకేయనివ్వడం లేదు. 'ఇలా నింపండి' అన్న చోట 'ఇలా నింపకండి' అని దిద్దింది.

సూది


ఏడో గది
డిసెంబరు 15

సూది మరదలికి,

కాగితం మూడు బల్లలూ దాటింది. ఒక్కో బల్ల దగ్గరా మీ అక్క నిలబడింది. కంపెనీ డాక్టరు నా రెండు చేతులూ చాపించి, వేళ్ల మీద కాగితం పెట్టి చూశాడు. కదల్లేదు. 'అర్హుడు. ఆపరేటరు అడిగిన వెంటనే దింపి, ఆ స్థానంలో వేరొకరిని పంపవలెను' అని సంతకం పెట్టాడు.

అడిగిన వెంటనే అన్నది చదవడానికి తేలికే. అడగడం ఎలాగో ఆ కాగితంలో రాయలేదు. క్యాబిన్‌లో మాట్లాడటానికి ఉన్నది ఒక్క రేడియో. దాంట్లో నేను ఒక మాటంటే ఐదు క్రేన్ల వాళ్లూ, ఓడ మీది వాళ్లూ, కింద లారీల దగ్గరివాళ్లూ, ఆఫీసూ వింటారు. తక్కువ వేసుకున్నా అరవైమంది.

నిన్న మొదటి డ్యూటీ. పొద్దున ఎనిమిదింటికి ఎక్కాను. తిని, నీళ్లు తాగి ఎక్కాను. మీ అక్క దగ్గరుండి తాగించింది. చేతులు బాగున్నాయి. పదిన్నర దాకా డెబ్బై పెట్టెలు దింపాను. పదీ నలభైకి కడుపులో మొదలైంది. మునుపటంత కాదు. ఓర్చుకోవచ్చేమో అనిపించింది. చేతిలో ఉన్న పెట్టెని లారీ మీద పెట్టి, కొక్కెం పైకి లాగి, రేడియో బటన్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. కడుపునొప్పని చెప్దామా, కళ్లలో నలుసు పడిందని చెప్దామా అని నాలుగైదు రకాలు ఆలోచించాను. ఆ పొడుగు నర్సు గుర్తొచ్చాడు. ఏడు, నేనే తీసుకెళ్లాను, అన్నాడు కదా, అలా చెప్దామనుకున్నాను.

'క్రేన్ రెండు. బాత్రూముకి వెళ్లాలి. మనిషిని పంపండి' అన్నాను.

అరవైమందీ విన్నారు. తర్వాత ఫోర్‌మన్ గొంతు, లారీ నంబరు చెప్పే గొంతుతోనే, 'సరే క్రేన్ రెండు. పంపుతున్నా' అంది.

నేను బెల్టు విప్పుకుంటున్నాను. రేడియో మళ్లీ పలికింది. క్రేన్ ఐదు పెద్దాయన. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు, వచ్చే ఏడు రిటైరవుతాడు. డ్యూటీలో ఆయన దిగడం నేను ఇంతవరకు చూడలేదు. గొంతు సవరించుకున్నాడు.

'క్రేన్ ఐదు. నాకు కూడా' అన్నాడు.

ఫోర్‌మన్ ఇంకా జవాబు చెప్పలేదు, క్రేన్ నాలుగు అందుకున్నాడు. వాడికి నలభై కూడా నిండలేదు. 'మీరు దిగేట్టుంటే నేనూ వస్తా' అన్నాడు.

ఓడ పని పాతిక నిమిషాలు ఆగింది. ముగ్గురం మూడు క్రేన్ల మీదినుంచి దిగి గోడౌను దగ్గర కలిశాం. కొంచెం వేగంగా నడిచాం. అక్కడ ఉన్నది ఒక్కటే బాత్రూము. నేను ఆగగలను. పెద్దాయన్ని ముందు వెళ్లమన్నాం.

మీ బావ